ఆఖరున గుర్తొచ్చే వైద్యం

రిపోర్టులన్నీ నార్మల్, మీకే జబ్బూ లేదు, టెన్షన్ తగ్గించుకోండి. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్ ఉన్నవాళ్లు కొలనోస్కోపీ, స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ పూర్తయ్యాక తరచూ వినే మాట ఇది. ఇందులో మొదటి ముక్క నిజం, రెండోది తప్పు, మూడోది సలహా రూపంలో వచ్చిన తీర్పు. నొప్పి కడుపులో ఉంటే మందు మనసుకెందుకన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. నేను నటిస్తున్నానని వీళ్ల ఉద్దేశమా అన్న అనుమానం దాని వెంటే వస్తుంది. ఆ తర్వాత సైకాలజిస్టును కలవమని ఎవరు చెప్పినా చెవికెక్కదు. నాలుగు దశాబ్దాల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే ఐబీఎస్‌కు మానసిక చికిత్సలు గణనీయంగానే పనిచేస్తున్నాయని తేలుతుంది. కాకపోతే అవి పనిచేయడానికి రోగికి మానసిక జబ్బు ఉండనక్కర్లేదు. ఈ సంగతి వైద్యులకూ రోగులకూ ఇంకా ఇంకలేదు కాబట్టే ఆ చికిత్స మందులన్నీ అయిపోయాక, కాస్త మొహమాటంగా, ఆఖరున ప్రస్తావనకు వస్తోంది. దాన్ని ఇంకా ముందుకు జరపాలనీ, అందులో చాలా భాగం రోగి స్వయంగా నేర్చుకుని ఆచరించగలిగేదేననీ నా వాదన.

ముందు జబ్బు సంగతి. 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపు నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం ఉండటం, రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మోషన్ గట్టిపడటమో పలచబడటమో జరగడం అన్న మూడింటిలో కనీసం రెండు దానికి తోడవ్వాలి. లక్షణాలు మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. అంటే లోకంలోని జబ్బులన్నీ కాదని తేలాక మిగిలినదానికి పెట్టే పేరు కాదిది, లక్షణాలను బట్టి నిర్ధారించదగిన జబ్బు. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలవడం లాంటివి ఉంటే మాత్రం దారి వేరు. పేగు క్షయ ఇప్పటికీ కనిపించే మన దేశంలో ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. 33 దేశాల్లో 73 వేల మందికి పైగా పాల్గొన్న రోమ్ ఫౌండేషన్ సర్వేలో, ఇంటర్నెట్ ద్వారా జవాబిచ్చినవాళ్లలో 4.1 శాతానికి ఐబీఎస్ ఉన్నట్టు తేలింది. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ కార్యదళం 2008లో మన జనాభాకు చెప్పిన అంచనా, కొలమానం వేరైనా, 4.2 శాతమే. మన దగ్గర వీళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి గ్యాస్ ట్రబుల్ అనో, అమీబియాసిస్ అనో అనుకుంటూ మాత్రలు మింగుతుంటారు.

మనసుకూ పేగుకూ సంబంధం ఉందనడం కొత్త కాదు. 1940ల చివర్లో న్యూయార్క్ వైద్యుడు థామస్ ఆల్మీ ఒక వైద్య విద్యార్థి పెద్దపేగును గొట్టంతో చూస్తూ, లోపల క్యాన్సర్ కనిపించిందని అతన్ని నమ్మించాడు. ఆ కాసేపూ పేగు గట్టిగా ముడుచుకుపోయింది. అదంతా అబద్ధమని చెప్పాక వదులైంది. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోని ప్రయోగమే గానీ, భయానికి పేగు ఎంత త్వరగా స్పందిస్తుందో అది కళ్లకు కట్టింది. అయితే ఆల్మీ చూపించింది ఆరోగ్యవంతుడి పేగును. ఐబీఎస్‌లో అదనంగా ఏముందో 1973లో రిచీ చేసిన బెలూన్ పరీక్ష చెప్పింది. పెద్దపేగు చివరి భాగంలో బెలూన్ పెట్టి 60 మిల్లీలీటర్ల వరకు ఉబ్బిస్తే ఐబీఎస్ రోగుల్లో సగానికి పైగా నొప్పి అన్నారు, ఐబీఎస్ లేనివాళ్లలో అలా అన్నవాళ్లు నూటికి ఆరుగురు. పేగు గోడలో లోపమేదీ కనిపించకపోయినా, అక్కడి నుంచి వచ్చే సంకేతం పెద్దదై వినిపిస్తోందన్నమాట. మైకు వాల్యూమ్ పెంచేస్తే పక్కవాడి గుసగుస కూడా అరుపులా వినిపించినట్టు. ఆ వాల్యూమ్‌ను పెంచేవాటిలో ఆందోళన ఒకటి, కానీ అదొక్కటే కాదు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో మంచినీటి సరఫరా ఇ.కోలై, కాంపిలోబాక్టర్ బ్యాక్టీరియాలతో కలుషితమై రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండేళ్ల తర్వాత చూస్తే, అప్పట్లో వాంతులు విరేచనాలతో బాధపడ్డట్టు వైద్యపరంగా రూఢి అయినవాళ్లలో 36 శాతానికి ఐబీఎస్ లక్షణాలున్నాయి. ఆ జబ్బు సోకనివాళ్లలో అవి 10 శాతానికే. ఊరు ఊరంతా ఒక్కసారిగా టెన్షన్ మనుషులైపోయారని ఎవరూ అనరు కదా.

ఏది ముందు, ఏది వెనక అన్నదానికి ఆస్ట్రేలియాలో 12 ఏళ్లపాటు సాగిన ఒక జనాభా అధ్యయనం సూటిగా జవాబిచ్చింది. మొదట్లో ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత పేగు సమస్య మొదలైంది. మొదట్లో పేగు సమస్య మాత్రమే ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత ఆందోళన, దిగులు వచ్చాయి. దారి రెండువైపులా ఉంది. 2021లో యాభై మూడు వేల మందికి పైగా ఐబీఎస్ రోగుల జన్యువులను పరిశీలించినప్పుడు కూడా ఆందోళనతో కొన్ని జన్యు మూలాలు ఉమ్మడిగా కనిపించాయి. రెంటికీ ఒకే వేరు ఉండొచ్చని దాని అర్థం, ఒకటి రెండోదాన్ని పుట్టించిందని కాదు. కాబట్టి ‘అంతా మనసులోనే ఉంది’ అనడం ఎంత తప్పో, ‘మనసుకు దీంతో పనేమిటి’ అనడమూ అంతే తప్పు. ఈ రెండో తప్పు రోగులు చేస్తారు. అది మొదటి తప్పు చేసిన వైద్యుల మీద అలిగి చేసేది కాబట్టి వాళ్లను నిందించడానికి మనసొప్పదు.

ఇక చికిత్స. 1983లో స్వీడన్‌లో స్వెడ్‌లుండ్ బృందం 101 మంది రోగుల్లో కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితోపాటు సైకోథెరపీ ఇచ్చి పోల్చింది. రెండో జట్టు మెరుగ్గా ఉంది. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో పీటర్ హోర్వెల్ ఏ మందుకూ లొంగని 30 మందిని తీసుకుని సగం మందికి హిప్నోథెరపీ, మిగతా సగానికి సంప్రదింపులతోపాటు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చాడు. హిప్నోథెరపీ జట్టు చాలా ముందుకెళ్లిపోయింది. హిప్నాటిజం అనగానే స్టేజీ మీద మనుషుల్ని నిద్రపుచ్చే తమాషా గుర్తొస్తుంది గానీ ఇది వేరు. రోగిని విశ్రాంత స్థితిలోకి తీసుకెళ్లి, పొట్ట మీద వెచ్చదనాన్నీ పేగు కదలికలు నెమ్మదించడాన్నీ ఊహించుకోమంటూ వారం వారం సాగే శిక్షణ ఇది. మాంచెస్టర్ కేంద్రమే తర్వాత 204 మందిని వెంబడించి చూస్తే 71 శాతానికి మొదట్లో గుణం కనిపించింది, వాళ్లలో 81 శాతానికి ఏళ్లు గడిచినా అది నిలిచింది. పోల్చడానికి మరో జట్టు లేని అధ్యయనం కాబట్టి ఈ అంకెను కొంచెం తగ్గించి చదవాలి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ విషయంలో డగ్లస్ డ్రాస్‌మన్ 2003లో ప్రచురించిన అమెరికా ట్రయల్ పెద్దది. అందులో 431 మంది మహిళలున్నారు. సీబీటీ పొందినవాళ్లలో 70 శాతం, కేవలం జబ్బు గురించి అవగాహన పాఠాలు విన్నవాళ్లలో 37 శాతం మెరుగయ్యారు. ఆ ట్రయల్‌లో మరో ఆశ్చర్యం ఉంది. సీబీటీ మేలు స్పష్టంగా కనిపించని ఉపవర్గం ఏదంటే డిప్రెషన్ ఉన్నవాళ్లది. ఈ చికిత్స ప్రచ్ఛన్నంగా ఉన్న మానసిక వ్యాధికి చేసేదే అయితే ఫలితం తలకిందులుగా ఉండాలి.

మరి అది దేని మీద పనిచేస్తోంది? ఐబీఎస్ ఉన్న మనిషి రోజులో ఎంత భాగం పొట్టకు కాపలా కాస్తాడో గమనిస్తే జవాబు దొరుకుతుంది. బయల్దేరేముందు మూడుసార్లు లోపలికెళ్లి రావడం, ఆర్టీసీ బస్సు ఎక్కాల్సిన రోజు పొద్దున్నుంచీ ఏమీ తినకపోవడం, పెళ్లికెళ్తే ముందు బాత్రూమ్ ఎటుందో కనుక్కోవడం, పొట్టలో చిన్న గుడగుడ వినిపించగానే రాబోయే అవమానాన్ని ఊహించుకోవడం. వీటిలో ఒక్కోటి ఆ పూటకు గట్టెక్కించే ఉపాయమే. రోజూ జరిగేసరికి పేగు మీది ధ్యాసను, దాంతో నొప్పినీ పెంచుతాయి. పేగు గురించిన ఈ ప్రత్యేక భయం మామూలు ఆందోళన లాంటిది కాదు. జీవితంలో మిగతా విషయాల్లో ధైర్యంగా ఉండేవాళ్లకూ ఇది ఉంటుంది. సీబీటీ పని ఈ గొలుసును విప్పడం. జెఫ్రీ లాక్నర్ 2007లో చేసిన విశ్లేషణలో, పేగు లక్షణాలు తగ్గడానికి కారణం రోగి మనోవ్యథ తగ్గడం కాదని తేలింది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా పరిశోధకులు 195 మందితో ఇంకా సూటిగా పరీక్షించారు. ఒక జట్టుకు ఇంటర్నెట్ ద్వారా ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు నేర్పారు. రెండో జట్టును తాము తప్పించుకు తిరుగుతున్న తిండినీ ప్రయాణాలనూ సందర్భాలనూ కావాలని, మెట్టు మెట్టుగా ఎదుర్కోమన్నారు. రెండో జట్టే బాగుపడింది ఎక్కువ. మన దగ్గర ఐబీఎస్‌కు దొరికే మానసిక సలహా అంతా ‘రిలాక్స్ అవ్వండి’ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి నాకు ఈ ట్రయల్ చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ప్రాణాయామం చేస్తే చాలదా అని అడిగేవాళ్లకు కూడా ఇదే జవాబు: చేయండి, మంచిదే, కానీ బస్సెక్కే భయం బస్సెక్కితేనే పోతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మాత్రకు ఉత్తుత్తి మాత్ర ఉంటుంది, మాటకు ఉత్తుత్తి మాట ఉండదు. తనకు థెరపీ జరుగుతోందని రోగికి తెలుసు, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడికి తనకేమీ జరగడం లేదనీ తెలుసు. అలాంటప్పుడు కనిపించే తేడాలో ఎంత చికిత్సది, ఎంత ఆశది? పైగా ఐబీఎస్‌లో ఆశకు బలం ఎక్కువ. బోస్టన్‌లో టెడ్ కాప్చుక్ బృందం 2008లో 262 మందిపై చేసిన ప్రయోగంలో వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లలో 28 శాతం, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ పొందినవాళ్లలో 44 శాతం, అదే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌ను ఆప్యాయంగా మాట్లాడే వైద్యుడి చేతిమీదుగా పొందినవాళ్లలో 62 శాతం చెప్పుకోదగ్గ ఉపశమనం ఉందన్నారు. 2010లో అదే బృందం ‘ఇవి మందు లేని మాత్రలే’ అని ముందే చెప్పి ఇచ్చినా పనిచేశాయి. కాబట్టి వెయిటింగ్ లిస్టుతో పోల్చి వచ్చిన పెద్ద పెద్ద అంకెలను నమ్మనక్కర్లేదన్నది సరైన మాటే. 2019లో అలెగ్జాండర్ ఫోర్డ్ బృందం యాంటీడిప్రెసెంట్లు, మానసిక చికిత్సలపై జరిగిన 53 ట్రయల్స్‌ను కలిపి, నలుగురికి మానసిక చికిత్స ఇస్తే ఒకరికి అదనపు మేలు అని లెక్కగట్టింది. ఆ లెక్కలోనూ ఇలాంటి పోలికల ఉబ్బు కొంత ఉంది. నిజమైన పరీక్ష, అంతే శ్రద్ధగా మాట్లాడుతూ అసలు పద్ధతిని మాత్రం నేర్పని జట్టుతో పోల్చడం. నెదర్లాండ్స్‌లో 354 మందితో జరిగిన ట్రయల్ అదే చేసింది. మూడు నెలలకు తగినంత ఉపశమనం విడిగా హిప్నోథెరపీ పొందినవాళ్లలో 40.8 శాతానికి, గుంపుగా పొందినవాళ్లలో 33.2 శాతానికి, అవగాహన, అండ మాత్రమే పొందినవాళ్లలో 16.7 శాతానికి దొరికింది. అంకెలు చిన్నబోయాయి, తేడా మాత్రం మిగిలింది. నాకు ఆ మిగిలిన తేడా చాలు. మందుల సంగతి కూడా ఇంచుమించు అంతే. ఉత్తుత్తి మాత్రను తీసేశాక ఐబీఎస్ మందులకు మిగిలే మేలు ఏమంత గొప్పది కాదు.

రెండో అభ్యంతరం ఆచరణది. ఇంతమంది థెరపిస్టులు ఎక్కడున్నారు? స్వీయ నిర్వహణకు సంబంధించిన పరిశోధన మొదలైంది కూడా ఈ ప్రశ్న నుంచే. 2006లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ ట్రయల్‌లో 420 మందిలో కొందరికి రోగులతో కలిసి రాసిన ఒక మార్గదర్శక పుస్తకం ఇచ్చారు. ఏడాదిలో వాళ్లు వైద్యుడి దగ్గరకు వెళ్లడం 60 శాతం తగ్గింది. గమ్మత్తేమిటంటే లక్షణాల స్కోరు పెద్దగా మారలేదు, తమ జబ్బు ఎంత తీవ్రమైనదనుకుంటున్నారో అది తగ్గింది. విమర్శకులు దీన్ని వైఫల్యంగా చదవొచ్చు. ఏటా అరడజను డాక్టర్ల దగ్గర ఫీజులు కట్టే మనిషికి అది చిన్న లాభం కాదు. లాక్నర్ 2018లో 436 మందిపై ప్రచురించిన ట్రయల్ ఇంకో మెట్టు ఎక్కింది. పది సెషన్ల సీబీటీ ఒకవైపు, ఇంట్లో చదివి ఆచరించే పాఠాలకు నాలుగే సెషన్లు జోడించినది మరొకవైపు. రోగులు వేసిన మార్కుల్లో మెరుగుదల 55, 61 శాతం. తక్కువ సెషన్ల జట్టు ఏమాత్రం వెనకబడలేదు. అవగాహన పాఠాల జట్టులో అది 43.5 శాతం.

అన్నిటికన్నా పెద్దది సౌతాంప్టన్, లండన్ కేంద్రాలుగా హేజల్ ఎవరిట్ బృందం 558 మందితో చేసి 2019లో ప్రచురించినది. ఒక జట్టుకు ఫోన్‌లో ఎనిమిది గంటల థెరపీ, మరో జట్టుకు వెబ్ పాఠాలతోపాటు రెండున్నర గంటల ఫోన్ సాయం, మూడో జట్టుకు మామూలు వైద్యం. ఐదు వందల మార్కుల తీవ్రత స్కోరులో ఏడాది తర్వాత మామూలు వైద్యం కన్నా ఫోన్ జట్టు 61.6, వెబ్ జట్టు 35.2 తక్కువలో ఉన్నాయి. 50 పాయింట్ల మార్పును రోగికి తెలిసొచ్చే మార్పుగా లెక్కిస్తారు. రెండేళ్లకు ఆ మేరకు మెరుగుపడినవాళ్లు ఫోన్ జట్టులో 71, వెబ్ జట్టులో 63, మామూలు జట్టులో 46 శాతం. ఈ అంకెలు మొత్తం 558 మందివి కావు, రెండేళ్లకు జవాబిచ్చిన 323 మందివి. జవాబివ్వనివాళ్లు గుణం కనిపించకే ఊరుకున్నారేమోనన్న అనుమానం తీరేది కాదు. అయినా ఈ వరుస ఒక సంగతి చెబుతోంది: మనిషి సాయం తగ్గేకొద్దీ ఫలితం తగ్గుతుంది, కానీ సున్నా కాదు. స్వీయ నిర్వహణ అంటే రోగిని యాప్‌కు అప్పజెప్పి తలుపేసుకోవడం అని ఆసుపత్రులు అనుకుంటే ఈ ట్రయల్ వాళ్లను సమర్థించదు.

పత్యం ఉండగా ఇదంతా ఎందుకన్నది మనవాళ్ల సహజమైన ప్రశ్న. తిండిని బట్టి లక్షణాలు మారతాయి, అందులో సందేహం లేదు. పేగులో సరిగా ఇంకకుండా పులిసే కొన్ని రకాల పిండి, చక్కెర పదార్థాలను తగ్గించే ఫాడ్‌మ్యాప్ ఆహారం చాలామందికి పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలో మోనాష్ పరిశోధకులు 74 మందిలో ఈ ఆహారాన్నీ హిప్నోథెరపీనీ రెండూ కలిపినదాన్నీ పోల్చితే మూడింటిలోనూ ఇంచుమించు 70 శాతం పైనే మెరుగుపడ్డారు. అంటే ఏదైనా ఒకటి ఎంచుకోవచ్చు. అయితే మన ఇళ్లలో జరిగే పత్యం ఆ లెక్క ప్రకారం జరగదు. అన్నం ‘పడటం లేదని’ మానేసి రాత్రిపూట చపాతీకి మారేవాళ్లు, ఆ పద్ధతిలో నిరపాయమైనదాన్ని వదిలి ఇబ్బంది పెట్టేదాన్ని పట్టుకుంటున్నారు. ఉల్లి, వెల్లుల్లి, పప్పుల సంగతి ఎవరికీ తట్టదు. అసలు ప్రమాదం వేరే ఉంది. ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో కొన్ని వారాల తర్వాత మానేసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి తిని చూడాలి. భయం ఉన్నవాళ్లు ఆ రెండో భాగం చేయరు. నిషేధ జాబితా ఏటేటా పొడుగవుతుంది, మనిషి సన్నబడతాడు, భయం బలుస్తుంది. అలాంటివాళ్లకు ఇంకో పత్యం రాసివ్వడం కన్నా ఎదుర్కోవడం నేర్పడమే వైద్యం.

మందులతో దీనికి పోటీ పెట్టడం కూడా అనవసరం. 2023లో ప్రచురితమైన బ్రిటన్ ట్రయల్‌లో 463 మందికి అమిట్రిప్టిలిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల మధ్య ఎంత వేసుకోవాలో రోగులే కాగితంలోని సూచనలు చూసి నిర్ణయించుకున్నారు. ఆరు నెలలకు అమిట్రిప్టిలిన్ జట్టు మెరుగ్గా ఉంది. డిప్రెషన్‌కు వాడే మోతాదు కన్నా ఇది చాలా తక్కువ, ఇక్కడ దాని పని నొప్పి సంకేతాన్ని తగ్గించడం. గూగుల్‌లో వెతికి ‘డిప్రెషన్ మాత్ర రాశారు’ అని చీటీ చింపేసే రోగి, సైకాలజిస్టు పేరెత్తగానే లేచిపోయే రోగి ఒకే అపార్థానికి బలవుతున్నారు. ఆ అపార్థానికి మార్గదర్శకాలూ కొంత కారణం. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2008లో ఇచ్చిన సూచన ప్రకారం 12 నెలలు మందులు వాడినా తగ్గనివాళ్లకే మానసిక చికిత్స పరిశీలించాలి. ఆ ఏడాది గడువుకు ఆధారం ట్రయల్స్‌లో కన్నా థెరపిస్టుల కొరతలో వెతకడం మేలు. ఏడాదిలో రోగి తప్పించుకు తిరిగే అలవాట్లు పాతుకుపోతాయి. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2021 మార్గదర్శకం అలాంటి గడువు పెట్టకుండానే ఈ చికిత్సలను సూచించింది. ఆధారాల నాణ్యత చాలా తక్కువని అదే పత్రంలో ఒప్పుకుంది కూడా. ఆ నిజాయతీ నాకు నచ్చింది. ఖర్చూ హానీ తక్కువగా ఉన్న చికిత్సను మొదలుపెట్టడానికి ఆధారం పరిపూర్ణంగా ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు.

ఈ ట్రయల్స్ దాదాపు అన్నీ స్వీడన్, బ్రిటన్, అమెరికా, నెదర్లాండ్స్‌వి. రోగుల్లో ఆడవాళ్లే ఎక్కువ. భారతీయ కార్యదళం లెక్కల్లో క్లినిక్‌కు వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. బహుశా ఆడవాళ్లకు రోగం లేక కాదు, ఆసుపత్రి దాకా రాలేక కావచ్చు. కాబట్టి విదేశీ పాఠాన్ని తెలుగులోకి దించి యాప్‌లో పెడితే పని జరగదు. ప్రయాణం భయం, ఉపవాసం రోజులు, ఆఫీసులో మాటిమాటికీ లేచి వెళ్లాలంటే సిగ్గు, అత్తగారింట్లో ఒకే బాత్రూమ్ ఉండటం లాంటివన్నీ పాఠాల్లో ఉండాలి. చెప్పేది సైకాలజిస్టే కానక్కర్లేదు. లండన్‌లో 2005లో ప్రచురితమైన ట్రయల్‌లో 149 మంది రోగుల్లో కొందరికి మామూలు పేగు మందుతోపాటు సీబీటీ నేర్పింది శిక్షణ పొందిన నర్సులు. మూడు నెలలకూ ఆరు నెలలకూ మేలు స్పష్టంగా కనిపించింది. గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గర ఉండే నర్సుకో డైటీషియన్‌కో కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, చేతిలో మంచి తెలుగు పుస్తకం పెట్టి, ఫోన్‌లో నాలుగు సెషన్లు చేయిస్తే జిల్లా కేంద్రాల్లో కూడా ఇది సాధ్యమే. అదే లండన్ ట్రయల్‌లో ఏడాది నాటికి లక్షణాల మీద ఆ మేలు చాలావరకు కరిగిపోయింది కాబట్టి, నాలుగు సెషన్లతో ముగించకుండా ఆరో నెలలో మరో ఫోన్ కాల్‌ను మొదటిరోజే డైరీలో రాసిపెట్టుకోవాలి.